తయారీదారు: దొడ్డా మాణిక్యమ్మ

మా కుంచాలవారి వీధిలో పేరు లేని గిన్నె లేదు. పుట్టిన పిల్లకి పేరు పెట్టడానికి ఇరవై ఒకటో రోజు దాకా ఆగుతాం గాని, స్టీలు గిన్నెకి కొన్న పూటే పెట్టించేస్తాం. బజార్లో సామాన్ల కొట్టు ముందు నాగలింగం స్టూలేసుకుని కూర్చుంటాడు. పెన్సిలంత మిషను పట్టుకుని జుయ్యిమనిపిస్తూ పేరు చెక్కి ఇస్తాడు. ఎందుకంటారా, గిన్నెలకి ఒకచోట కాలు నిలవదు. పప్పుపులుసుతో పక్కింటికి వెళ్ళిన గిన్నె పది రోజుల తర్వాత గోంగూర పచ్చడితో ఎదురింటినుంచి తిరిగొస్తుంది. పేరుంటేనే సొంత ఇల్లు చేరుతుంది. నేను చదివింది మూడో తరగతే అయినా, నా పేరు ఎక్కడ కనబడినా పోల్చుకుంటాను, బోర్లించిన గిన్నె మీద తలకిందులుగా ఉన్నా సరే.

పెళ్ళికానుకలకీ ఇదే పద్ధతి. మా వీధిలో ఏ పిల్ల పెళ్ళయినా, ఆడవాళ్ళందరం తలో చెయ్యి వేసి ఒక మంచి కరెంటు వస్తువు కొంటాం. మిక్సీ, ఇస్త్రీపెట్టె, టేబుల్ ఫ్యాను, ఏదో ఒకటి. దాని మీద ఎవరి పేరు వెయ్యాలన్న గొడవ మొదటి పెళ్ళిలోనే వచ్చింది. పదిహేను పేర్లు వేస్తే మిక్సీ గిన్నె జల్లెడైపోతుందన్నాడు నాగలింగం. అందరి దగ్గరా డబ్బు పోగుచేసింది నేనని నా పేరే వేయించారు. అప్పటినుంచి ముప్ఫై ఏళ్ళకు పైగా అదే వరస. పైన పెళ్ళికూతురి పేరు, కింద నా పేరు, ఆ కింద తేదీ.

ఆ మూడు వరసలే నా కొంప మీదికి తెచ్చాయి.

నా గ్రైండరు సంగతి కూడా ముందే చెప్పాలి. తొంభై నాలుగులో మా ఆయన కొన్నారు. నేల మీద కుదురుగా కూర్చునే పెద్ద గ్రైండరు, స్టీలు తొట్టి, లోపల నల్లరాయి. పెళ్ళిళ్ళకీ సమర్తలకీ ఎరువిచ్చేవాళ్ళం కాబట్టి దాని మీదా నా పేరు చెక్కించారు. ఆయన పోయాక నన్ను నిలబెట్టింది ఆ రాయే. ఇరవై ఆరిళ్ళకి ఇడ్లీ పిండి, దోశె పిండి రుబ్బి ఇస్తాను. ఎవరింటి పిండి ఎంత మెత్తగా ఉండాలో దానికీ నాకూ తెలుసు. బెల్టు నాలుగుసార్లు మారింది, మోటారు రెండుసార్లు తిరగచుట్టించాను. రాయి మాత్రం అదే. కంపెనీ పేరేమిటని అడగకండి. అదొక స్టిక్కరు మీద ఉండేది. మొదటి వానాకాలంలోనే ఊడిపోయింది.

మొన్న మాఘమాసంలో మా పురపాలక సంఘంవారి వ్యాను మైకు పెట్టుకుని వీధిలోకి వచ్చింది. పాత కరెంటు సామాను చెత్తలో పారేస్తే భూమి విషమైపోతుందట. అందుకని కొత్త రూలు పెట్టారట. వస్తువు పాడైతే, తయారు చేసినవాడే వెనక్కి తీసుకుని దానికో దారి చూపించాలట. నాకు చాలా నచ్చింది. వండినవాళ్ళే అంట్లు తోముకోవాలన్నట్టుంది కదా, ఇందులో తప్పేముంది అనుకుంటూ లోపల మినప్పప్పు కడుగుతున్నాను. అరుగు మీద ఎండలో ఆరబెట్టిన గ్రైండరుని ఇద్దరు మనుషులు మోసుకెళ్ళి వ్యానులో పెట్టేసిన చప్పుడు నాకు వినబడలేదు. మైకు గోలలో ఏం వినబడుతుంది!

బయటికొచ్చేసరికి అరుగు బోసిపోయి ఉంది. శానిటరీ ఇన్స్పెక్టరు స్వరాజ్యం రసీదు పుస్తకం పట్టుకుని నిలబడి ఉంది. స్వరాజ్యం మా వీధి పిల్లే. దాని పెళ్ళికి మేమే మిక్సీ ఇచ్చాం.

"ఏమే, నా గ్రైండరేది?"

"పిన్నీ, నామీద కోప్పడకు. గ్రైండరుకి ఏడేళ్ళే ఆయుర్దాయమని మా ఆఫీసులో జాబితా ఉంది. అది దాటితే వ్యర్థమే."

"నాకు డెబ్భై రెండు. నన్ను కూడా ఎక్కించుకోండి వ్యానులో."

"మనుషులు ఆ జాబితాలో లేరు పిన్నీ," అంది పాపం, నిజంగానే జవాబు చెబుతున్నట్టు.

మర్నాడు పొద్దున్నే ఆఫీసుకి వెళ్ళాను. పర్యావరణ విభాగం అధికారి పరాంకుశంగారు. సన్నటి మనిషి, లావుపాటి ఫైలు. గ్రైండరు ఆయన బల్ల పక్కనే ఉంది. దాని నుదుట ఓ చీటీ కట్టి, లక్కతో సీలు వేశారు. పెళ్ళికొడుక్కి బాసికం కట్టినట్టుంది చూడ్డానికి.

"బాబూ, అది నాది. మీవాళ్ళు పొరపాటున తెచ్చేశారు. దాని మీద నా పేరుంది చూడండి."

ఆ మాట నేనెందుకన్నానో! ఆయన కళ్ళజోడు సర్దుకుని, వంగి, చదివి, మెల్లగా లేచి నిలబడ్డారు.

"దొడ్డా మాణిక్యమ్మ అనగా తామేనా?"

"నేనేనండి."

"కూర్చొనుడు. తమ కొరకే మూడు వారములుగా వెదకుచున్నాము."

బీరువా తెరిపించారు. లోపల రెండు మిక్సీలు, ఒక ఇస్త్రీపెట్టె, ఒక టేబుల్ ఫ్యాను. ఊళ్ళో అక్కడా ఇక్కడా దొరికినవట. అన్నింటి మీదా నా పేరే. నాకు భలే సంతోషం వేసింది. ఫ్యాను పట్టుకుని, "ఇది మన మహాలక్ష్మి పెళ్ళికిచ్చింది. ఆ రోజు గాలివాన వచ్చి పందిరి పడిపోతే..." అని మొదలుపెట్టాను.

పరాంకుశంగారు చెయ్యెత్తి ఆపి, రూలు చదివారు. "వస్తువుపై ఎవరి నామధేయము చెరగని రీతిలో శాశ్వతముగా ముద్రింపబడి ఉన్నదో, వారే ఆ వస్తువు యొక్క ఉత్పత్తిదారుగా పరిగణింపబడుదురు. ఇదిగో. తయారీదారు దొడ్డా మాణిక్యమ్మ. తయారీ తేదీ పద్నాలుగు, అయిదు, తొంభై ఆరు. మోడల్ పేరు," అని మిక్సీ గిన్నె వెలుతురుకి తిప్పి చూసి, "చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి ఇందుమతి."

"అది మోడల్ కాదు బాబూ, మా ఆడపడుచు కూతురు."

"కుటుంబసభ్యుల పేర్లను మోడళ్ళకు పెట్టుకొనుట తమ వ్యాపార విధానము. మాకు అభ్యంతరము లేదు."

"నేను తయారుచెయ్యలేదండి. పెళ్ళికిచ్చాం."

"అనగా వినియోగదారునికి మొట్టమొదట అందజేసినది తామేనని అంగీకరించుచున్నారు."

"మేమే ఇచ్చాం. ఇవ్వకేం?"

"వెల పుచ్చుకొంటిరా?"

"పెళ్ళికానుకకి వెలేమిటి బాబూ, అక్షింతలేసి చేతిలో పెట్టొచ్చాం."

"ఉచిత పంపిణీ!" అని స్వరాజ్యం వైపు తిరిగారు. "వ్రాసికొనుము. ముప్పది సంవత్సరములుగా, అనుమతి లేకుండ, ఉచిత పంపిణీ."

అప్పుడు ఇచ్చారు నోటీసు. నేనిప్పటిదాకా ఊళ్ళోకి వదిలిన కరెంటు వస్తువుల బరువులో నూటికి డెబ్భై వంతులు ఉగాదిలోగా వెనక్కి సేకరించాలి. సేకరించకపోతే గ్రైండరుని పట్నంలో సామాన్లు ముక్కలుచేసే కర్మాగారానికి పంపేస్తారు. మోటారు ఒకచోటికి, స్టీలు ఒకచోటికి. రాయి మాటేమిటని అడిగాను. రాయికి ఇంకా ఏ రూలూ రాలేదన్నారు.

"అది లేకపోతే ఇరవై ఆరిళ్ళకి పిండి ఎలా రుబ్బాలి?"

"అది ఉత్పత్తిదారు యొక్క అంతర్గత వ్యవహారము."

అసలు నేనెంత వదిలానో తెలియాలి కదా. అందుకని స్వరాజ్యం మా అరుగు మీద కూర్చుని రాసుకుంది, నేను చెప్పాను. చదువు లేనివాళ్ళకి దేవుడు జ్ఞాపకమైనా ఇవ్వాలిగా. ఏ పెళ్ళి ఏ సంవత్సరం, ఏ వస్తువు, ఏ రంగు, వడ్డనలో ఏ కూర అడుగంటింది, అన్నీ చెప్పాను. "కూరలొద్దు పిన్నీ, కిలోలు కావాలి," అని అది నెత్తి కొట్టుకుంది. రెండు రోజులు పట్టింది. గ్రైండరుతో కలిపి నలభై తొమ్మిది వస్తువులు, రెండువందల కిలోలు తేలాయి. నూట నలభై వెనక్కి రావాలి. బీరువాలో ఉన్నవి కూడా నా వంతుకే వేస్తామన్నారు, గ్రైండరు తప్ప. అది సాక్ష్యమట.

మర్నాటికల్లా మా ఇంటి ముందు ఆకుపచ్చ బోర్డు వెలిసింది. "దొడ్డా మాణిక్యమ్మ ఉత్పత్తుల సేకరణ కేంద్రము." పాలబ్బాయి అది చదివి, ఆ రోజునుంచి నన్ను మేడమ్ అనడం మొదలెట్టాడు.

ముందుగా వచ్చింది మా వదిన తులశమ్మ, మా ఆయన అక్కగారు, ఇందుమతి తల్లి. వస్తూనే గుమ్మంలో నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది.

"ఏం మాణిక్యం, ఫ్యాక్టరీ పెట్టావట. మాకొక్క మాటైనా చెప్పలేదేం?"

"రా వదినా. ఇందుమతి మిక్సీ ఆఫీసు బీరువాలో కనబడింది. అదక్కడికెలా వెళ్ళింది?"

మా వదిన ముఖం మాడింది. దానికిచ్చిన మిక్సీని అట్టపెట్టె విప్పకుండానే తోటికోడలి చెల్లెలి పెళ్ళికి ఇచ్చేశారట. వాళ్ళు ఇంకెవరి గృహప్రవేశానికో ఇచ్చారట. అలా అది అయిదు ఊళ్ళు తిరిగి, ఒక్క పచ్చడీ నూరకుండా, చివరికి చెత్తబండిలో దొరికింది.

"పెట్టె విప్పితే కదా పేరు చూసేది," అంది వదిన నేలచూపులు చూస్తూ. "అయినా నువ్వు ప్రతిదాని మీదా అంతలోతుగా పేరెందుకు చెక్కిస్తావ్? ఇచ్చినదాన్ని మర్చిపోనివ్వవా మనుషుల్ని?"

అందులోనూ న్యాయం లేకపోలేదు. లేచి కాఫీ పెట్టాను.

వాడనివాళ్ళు సంతోషంగా తెచ్చి పడేశారు. వాడుతున్నవాళ్ళే చిక్కు. కోనేటి లక్ష్మీకాంతం తన ఇస్త్రీపెట్టెని కొంగుకింద దాచుకుంది. ఇంకొకావిడ తలుపు సందులోంచి, "పాతికేళ్ళుగా పనిచేస్తోంది పిన్నిగారూ, దాన్నెలా చంపుకోను?" అంది. ఆ మాటే నేను పరాంకుశంగారికి చెప్పాను. ఆయన చాలా నొచ్చుకున్నారు.

"ఆయుఃప్రమాణము ముగిసిన పిమ్మట కూడ వస్తువు పనిచేయుచుండుట నిబంధనలకు విరుద్ధము. తమ ఉత్పత్తులు ఇంత మొండివిగా ఉన్నందుకు తమ వివరణ కోరవలసి యుండును."

ఈలోగా రూలు నా ఒక్కదాని దగ్గరే ఆగలేదు. మా రామాలయంలో ప్రతి ఫ్యాను రెక్క మీదా, ప్రతి ట్యూబులైటు మీదా దాతల పేర్లుంటాయి. లైటు మీద అక్షరాలెక్కువై వెలుగు తక్కువైన గుడి అది. స్కూల్లోనూ అంతే, పశువుల ఆసుపత్రిలోనూ అంతే. ఆఫీసువాళ్ళు నిచ్చెనలేసుకుని ఒక్కో రెక్కా చదివారు. ఒక్క వారంలో ఊళ్ళో నూట పన్నెండు మంది తయారీదారులు పుట్టారు. వాళ్ళలో అరవై మంది ఎప్పుడో పోయినవాళ్ళు.

పోతే మాత్రం నోటీసు ఆగుతుందా? కీర్తిశేషులు ముదునూరి సోమరాజుగారి పేరున గుడిలో మూడు ఫ్యాన్లున్నాయి. ఆయన ఫోటో ముందు నిలబడి స్వరాజ్యం నోటీసు చదివి వినిపించవలసి వచ్చింది. సోమరాజుగారి భార్య అంతా విని, "బతికుండగానే ఆయన ఏ కాగితానికీ జవాబివ్వలేదమ్మా. ఇప్పుడిస్తారా?" అంది. స్వరాజ్యం ఆ మాట రిపోర్టులో రాసింది. పరాంకుశంగారు దాని కింద ఎర్రసిరాతో, "ఉత్పత్తిదారు పరారీలో నున్నట్లు భావించవచ్చును" అని రాశారు.

ఉగాదికి రెండు రోజులుందనగా, మా వరండాలో పోగైన వస్తువుల్ని, ఆఫీసు బీరువాలోవాటిని కలిపి పాత పేపర్లవాడి కాటా మీద తూచారు. తొంభై నాలుగు కిలోలు. ఇంకా నలభై ఆరు కావాలి. అప్పటికే నెల రోజులుగా పక్కవీధి నుంచి రోలు అరువు తెచ్చుకుని రుబ్బుతున్నాను. చేతులు బొబ్బలెక్కాయి. ఇరవై ఆరిళ్ళలో పద్నాలుగు ఇళ్ళు పాకెట్టు పిండికి మారిపోయాయి. వాళ్ళననుకుని లాభం లేదు. పిల్లలు ఆకలంటే రూలొచ్చిందని చెప్తారా?

ఆ సాయంత్రం స్వరాజ్యం ఒక సంచీతో వచ్చింది. యూనిఫారంలో కాదు, మామూలు చీరలో. సంచీలోంచి తన మిక్సీ తీసింది. తొంభై ఏడు మోడల్, చి.ల.సౌ. స్వరాజ్యం.

"ఇంకా పనిచేస్తోంది కదే!"

"పొద్దునే కొబ్బరిపచ్చడి చేశాను పిన్నీ. కడిగి తెచ్చాను. తీసుకో. నాలుగు కిలోలుంటుంది." కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "ఇంకా నలభై రెండెక్కడి నుంచి తేను? నీ గ్రైండరుని వ్యానెక్కించింది నేనే కదా. నాకు నిద్ర పట్టడం లేదు."

"ఏడవకే. నా గ్రైండరు ఎంత తూగిందే?"

"నలభై మూడు. ఎందుకు?"

"ఊరికే," అన్నాను.

ఉగాదినాడు టౌనుహాల్లో పెద్ద సభ. బయట లారీకి మామిడాకులు, బంతిపూల దండలు కట్టారు. పట్నం వెళ్ళే సామానంతా అందులో ఉంది. అన్నింటికంటే పైన నా గ్రైండరు, సీలుతో సహా. సభ అయ్యాక జెండా ఊపి పంపిస్తారట. ముందు వరసలో తయారీదారులకి కుర్చీలు వేశారు. అరవై కుర్చీల్లో దండలేసిన ఫోటోలే కూర్చున్నాయి. నేను సోమరాజుగారి పక్కన కూర్చున్నాను.

మొదట సన్మానం. ఎవరికనుకున్నారు? నిజంగా మిక్సీలూ గ్రైండర్లూ చేసే కంపెనీకి! ఊరంతా గాలించినా ఆ కంపెనీ పేరున్న చెత్త ఒక్క గ్రాము కూడా దొరకలేదట. పరాంకుశంగారు కళ్ళు చెమర్చి చెప్పారు.

"ఇట్టి నిష్కళంక ఉత్పత్తిదారును నా ఉద్యోగ జీవితమున చూచి ఎరుగను."

టై కట్టుకున్న కంపెనీ ఆయన లేచి, శాలువా సర్దుకున్నాడు. "మా వస్తువులు భూమికి భారం కావు. ఆ విలువల్లోనే మా కంపెనీ పుట్టింది," అన్నాడు.

ఆయన చేతికో జ్ఞాపిక ఇచ్చారు. ముందు వరసలో ఉన్నాను కాబట్టి చూశాను. దాని మీద కంపెనీ పేరు ఓ స్టిక్కరు మీద ఉంది. ఓ మూల అప్పుడే లేస్తోంది.

తర్వాత మమ్మల్ని పిలిచారు. "బతికియున్న ఉత్పత్తిదారులలో అగ్రగణ్యులు, లక్ష్యసాధనలో విఫలులు" అని నన్ను పరిచయం చేశారు. చప్పట్లు కొట్టాలో వద్దో తెలియక జనం సగం సగం కొట్టారు.

మైకు దగ్గరికి వెళ్ళాను. అంతలో బయట లారీ ఇంజను స్టార్టు చేశారు. ఇక ఆగే వేళ కాదు.

"పరాంకుశంగారూ, చదువులేనిదాన్ని, తప్పయితే మన్నించండి. ఆ గ్రైండరు నేనే తయారుచేశానా?"

"సందేహమేల? నామధేయము చెక్కబడి యున్నది."

"నా పేరున్న పాత వస్తువు ఎక్కడున్నా నేనే వెనక్కి తీసుకోవాలి కదండీ?"

"ఎక్కడున్నను. అది తమ పవిత్ర బాధ్యత."

"ఆఫీసులో ఉన్నా?"

"ఉన్నను."

"లారీలో ఉన్నా?"

"లారీలో ఉన్..." అని ఆగారు. ఫైలు తెరిచారు. మూశారు. మళ్ళీ తెరిచారు. "అయినను అది సాక్ష్యము."

"ఇంకొకళ్ళు తీసుకెళ్తే తప్పవుతుందేమో కదా బాబూ, తయారీదారుని నేనుండగా? నా అంట్లు మీరు తోమడమెందుకు?"

స్వరాజ్యం లేచి నిలబడింది. కాగితం చూసి గట్టిగా చదివింది. "అయ్యా, సేకరించినది తొంభై ఎనిమిది. గ్రైండరు నలభై మూడు. కలిపితే నూట నలభై ఒకటి. లక్ష్యం నూట నలభై. గ్రైండరు వెనక్కి తీసుకుంటే పట్టణంలో లక్ష్యం దాటిన మొదటి ఉత్పత్తిదారు ఈవిడే అవుతారు."

లక్ష్యం దాటడమంటే పరాంకుశంగారికీ మంచి పేరే కదా. ఆయన మొహంలో రెండు రూళ్ళు కుస్తీ పట్టుకోవడం అందరికీ కనబడింది.

"వెనుకకు తీసికొని ఏమి చేయుదురు? దారి చూపవలెను. పునర్వినియోగమునకు ప్రథమ ప్రాధాన్యము."

"అంటే ఏంటండి?"

"మరల వాడుట," అంది స్వరాజ్యం.

"రేపు పొద్దున్నే వాడతాను బాబూ. పన్నెండిళ్ళకి మినప్పప్పు నానబెట్టి వచ్చాను."

ఆయన ఫైలు మూసి, సీలు తియ్యమన్నారు. జెండా ఊపడానికి పిలిపించిన పెద్దమనిషి అప్పటికే చెయ్యెత్తి ఉన్నాడు గనక, గ్రైండరుని లారీలోంచి దింపుతుంటేనే ఊపేశాడు. కంపెనీ ఆయన కూడా చప్పట్లు కొట్టాడు. సోమరాజుగారి భార్య ఆ జనంలోనే తన భర్త ఫోటోని చంకలో పెట్టుకుని, "పదండి, మనం కూడా మన ఫ్యాన్లు తెచ్చుకుందాం," అని గుడి వైపు బయల్దేరింది.

వరండాలో పోగైనవాటిని, ఆఫీసు బీరువాలోవాటిని కూడా అలాగే దారికి తెచ్చాం. మోటార్లు చుట్టే ఇస్మాయిలు నాలుగు రోజులు మా ఇంట్లోనే భోంచేసి, బాగయ్యేవన్నీ బాగుచేశాడు. ఎవరివి వాళ్ళకి పునర్వినియోగమని రాయించి పంపించాను. స్వరాజ్యం మిక్సీ స్వరాజ్యానికే వెళ్ళింది. ఇందుమతి మిక్సీలో మాత్రం నేనే అట్టులోకి పచ్చడి నూరి, ప్రారంభోత్సవం చేసి పంపాను. పాకెట్టు పిండికి వెళ్ళిన పద్నాలుగిళ్ళలో పదకొండు తిరిగొచ్చాయి. మిగతా మూడూ వస్తాయి, వేసవిలో పాకెట్టు పిండి పులిసే దాకా ఆగాలి.

జ్యేష్ఠంలో స్వరాజ్యం కూతురి పెళ్ళి కుదిరింది. మళ్ళీ ఆడవాళ్ళందరం చేరాం. మళ్ళీ మిక్సీయే అన్నారు. కొన్నాం. పేరు దగ్గరికొచ్చేసరికి మా వదిన తులశమ్మ, "ఈసారికి పేరొద్దులే మాణిక్యం," అంది నెమ్మదిగా.

"పేరు లేకపోతే ఎలా వదినా, ఇల్లు చేరొద్దూ?" అని నేనే మిక్సీ పట్టుకుని బజారుకి వెళ్ళాను.

నాగలింగం మిషను తుడుచుకుంటూ, "మామూలేగా అక్కా? పైన పెళ్ళికూతురు, కింద నువ్వు," అన్నాడు.

"కాదు. ఈ స్టిక్కరుంది చూడు, ఊడిపోకముందే చూసి, దాని మీద ఏ పేరుంటే ఆ పేరు చెక్కు. గిన్నె మీదొకటి, మూత మీదొకటి, అడుగునొకటి. లోతుగా."

అతను స్టిక్కరు వేలితో సాపు చేసి చదివాడు. "అడ్రసు కూడా ఉందక్కా. చాలా పొడుగు. అదీ చెక్కనా?"

"అదే ముఖ్యం నాగలింగం. పిన్‌కోడుతో సహా."